చుక్కల్లేని అరబ్బీ: పాత ఖురాన్ రాతప్రతులు, వాటి లిపి, బంగారం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అక్షరయాత్ర

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక పేజీ నా కళ్లముందు నుంచి పోవడం లేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్‌లో ‘నీలి ఖురాన్’ అనే రాతప్రతిలోని ఒక ఆకు ఫోటో ఉంది. ముదురు నీలం చర్మం మీద బంగారు అక్షరాలు, మొత్తం 15 వరుసలు, బొమ్మ లేదు, పువ్వు లేదు, అయినా చూపు తిప్పుకోలేకపోయాను. నాకు అరబ్బీ రాదు. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు చిన్నప్పటి నుంచి రోజూ ఖురాన్ చదివేవాడు, ఉర్దూ కూడా బాగా వచ్చు. ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసి, ఇది అరబ్బీయే అన్నా, కానీ నాకు చదవడం రావట్లేదు అన్నాడు. కాసేపటికి ఎక్కడో ఒక పదం దొరికింది, అంతే, ఆ ఆయత్ (ఖురాన్ వాక్యం) మొత్తం గడగడా నోటికి వచ్చేసింది. అంటే చదవలేదు, గుర్తుపట్టాడు.

రోజూ చదివే పుస్తకాన్నే ఆయన ఆ పేజీ మీద ఎందుకు చదవలేకపోయాడు? వెయ్యేళ్లలో ఆ లిపికి ఏం జరిగింది?

చార్మినార్‌కలం

మంచి ప్రశ్న అన్నా. నేను పాతబస్తీలో ఒక ఉస్తాద్ దగ్గర మూడేళ్లుగా ఖత్తాతీ, అంటే అందంగా రాసే కళ, నేర్చుకుంటున్నాను, కాబట్టి కొంత చెప్పగలను.

మీ మిత్రుడు ఆగిపోయిన చోట్లు మూడు. మొదటిది చుక్కలు. అరబ్బీలో 28 అక్షరాలున్నా, చుక్కలు తీసేస్తే మిగిలేవి 18 దాకా ఆకారాలే. పదం మధ్యలో బ, త, స, న, య అన్నీ ఒకే చిన్న పన్నులా నిలబడతాయి, మేం దాన్ని శోషా అంటాం. కింద ఒక చుక్క పెడితే బ, పైన ఒకటి పెడితే న, పైన రెండు పెడితే త. నీలి ఖురాన్‌లో ఆ చుక్కలు దాదాపు లేవు. రెండోది అచ్చుల గుర్తులు, అవీ లేవు. మూడోది ఎవరూ గమనించనిది, పదాల మధ్య ఖాళీ. అరబ్బీలో కొన్ని అక్షరాలు తర్వాతి దానితో కలవవు, పదం మధ్యలోనే చిన్న ఎడం వస్తుంది. ఆ పాత రాతలో పదం లోపలి ఎడం, రెండు పదాల మధ్య ఎడం ఒకేలా ఉంటాయి. పైగా వరుస నిండాలని కొన్ని అక్షరాలను అడ్డంగా సాగదీస్తారు, వరుస చివర పదాన్ని సగంలో విరిచి మిగతాది కింది వరుసలో మొదలుపెడతారు.

తెలుగులో ఊహించుకోండి. గుణింతం మొత్తం తీసేసి, ప, వ, ష మూడింటికీ ఒకే బొమ్మ పెట్టి, పదాలు ఎక్కడ ఆగుతాయో చెప్పకుండా ఒక పద్యం రాస్తే ఎలా ఉంటుందో అలా.

తాళపత్రాలు

ఈ చివరి మాట చదివి ఆగలేకపోయాను. నేను పదిహేనేళ్లు తాళపత్రాల జాబితాలు రాసే పని చేశాను. మన తాటాకుల్లో కూడా పదాల మధ్య ఖాళీ ఉండదు, అంచు నుంచి అంచు దాకా గంటం ఆగకుండా సాగిపోతుంది. పాత రాతలో ఎ కీ ఏ కీ, ఒ కీ ఓ కీ తేడా చూపించేవారు కాదు. మరి ఎలా చదివారంటే, పద్యం ముందే నోటికి వచ్చు, ఛందస్సు చెవికి తెలుసు. ఎక్కడ గురువు రావాలో, యతి ఎక్కడ పడాలో తెలిసినవాడికి ఆకు మీద అంతా రాయక్కర్లేదు. అది తెలియనివాడు మొదటి వరుసలోనే ఆగిపోతాడు, అది నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

అక్షరయాత్ర గారూ, మీ మిత్రుడు చేసిందీ అదే. ఆ కాలంలో ఖురాన్‌ను ముందు గుండెలో పెట్టుకునేవారు, పేజీ దానికి తోడు. అలా మొత్తం నోటికి వచ్చినవాణ్ణి హాఫిజ్ అంటారు. హాఫిజ్‌కు ఆ చుక్కల్లేని రాత సరిపోతుంది.

కొత్తచదువరి

అయితే చుక్కలు ఎవరు కనిపెట్టారు? ఏ సంవత్సరంలో?

చరిత్రలోకం

ఒక మనిషి, ఒక సంవత్సరం అని చెప్పలేం కానీ, రెండు రకాల చుక్కలను విడదీసి చూస్తే విషయం తేలికవుతుంది.

ఒకటి అచ్చుల చుక్క. దీన్ని బస్రాకు చెందిన అబుల్ అస్వద్ అద్‌దువలీతో ముడిపెడతారు, ఆయన 688 ప్రాంతంలో చనిపోయాడు. అరబ్బీ మాతృభాష కానివాళ్లు పెద్ద సంఖ్యలో ఇస్లాంలోకి వస్తున్న రోజులవి. ఎవరో ఒక ఆయత్‌ను ఒక్క అచ్చు మార్చి చదవడం ఆయన విన్నాడనీ, దాంతో అర్థం పూర్తిగా తిరగబడిందనీ సంప్రదాయం చెబుతుంది. అప్పుడు ఆయన ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టుకుని, నేను పెదవులు తెరిస్తే అక్షరం పైన చుక్క పెట్టు, ముడిస్తే పక్కన పెట్టు, దించితే కింద పెట్టు అన్నాడట. ఈ మూడు అచ్చులకు ఈనాటికీ ఉన్న పేర్లు ఫత్హా, దమ్మా, కస్రా. తెరవడం, ముడవడం, విరవడం అని వాటి అర్థాలు. నోటి కదలికే పేరైపోయింది. ఆ చుక్కలు ఎర్ర సిరాతో పెట్టేవారు, ఎందుకంటే నల్ల సిరాతో ఉన్నది మూల పాఠం, దాన్ని ముట్టుకోకూడదు. ఆ జాగ్రత్త నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పాఠానికి సాయం చేస్తున్నారు, కానీ ఆ సాయం వేరే రంగులో నిలబడి ఉంది.

రెండోది బ, త, న లను విడదీసే చుక్క. ఇరాక్ గవర్నరు హజ్జాజ్ కాలంలో, అంటే 700కి కాస్త అటూ ఇటూగా, ఆయన ఆదేశంతో నస్ర్ బిన్ ఆసిం, యహ్యా బిన్ యఅమర్ దీన్ని స్థిరపరిచారని చెబుతారు. కానీ వియన్నాలో ఉన్న ఒక పపైరస్ రశీదు సంగతి చూడండి, దాని మీద హిజ్రీ (ఇస్లామీ పంచాంగం) 22 అని తేదీ ఉంది, అంటే 643. ఈజిప్టులో సైన్యం కోసం 65 గొర్రెలు తీసుకున్నట్టు గ్రీకులోనూ అరబ్బీలోనూ రాసిచ్చిన పత్రం అది. అందులోనే కొన్ని అక్షరాలకు చుక్కలున్నాయి! అరేబియాలో అల్‌ఉలా దగ్గర బండ మీద జుహైర్ అనే ఆయన హిజ్రీ 24లో, రెండో ఖలీఫా ఉమర్ చనిపోయిన ఏడాది, చెక్కించుకున్న చిన్న శాసనంలో కూడా ఉన్నాయి. కాబట్టి చుక్క ముందే ఉంది. ఖురాన్ ప్రతుల్లో దాన్ని అన్నిచోట్లా వాడాలా వద్దా అన్నదే తర్వాతి తరాల తర్జనభర్జన.

కొత్తచదువరి

గొర్రెల రశీదు గురించి తెలిసి ఆశ్చర్యపోయాను. ఇప్పుడున్న ఫత్హా, కస్రా అనే ఏటవాలు గీతలు మరి?

చరిత్రలోకం

అవి దాదాపు వందేళ్ల తర్వాత, బస్రాలోనే ఉన్న ఖలీల్ బిన్ అహ్మద్‌వి అంటారు. అరబ్బీ ఛందశ్శాస్త్రం కట్టిందీ ఆయనే. షద్దా అనే ద్విత్వపు గుర్తు షీన్ అక్షరం తల నుంచి వచ్చింది, హంజా గుర్తు ఐన్ తల నుంచి.

మిడ్‌లాండ్స్_తెలుగు

2015 అక్టోబరులో బర్మింగ్‌హామ్ ఆకులను ప్రదర్శనకు పెట్టినప్పుడు నేను అక్కడ చదువుకుంటున్నాను, బార్బర్ ఇన్‌స్టిట్యూట్‌లో వెళ్లి చూశాను. రెండే ఆకులు. 18 నుంచి 20 వరకు సూరాలలోని (ఖురాన్ అధ్యాయాల్లోని) భాగాలు. అది నీలి ఖురాన్‌లా మెరిసేది కాదు, గోధుమరంగు చర్మం, నల్లటి రాత, నిలువు గీతలన్నీ కుడివైపు కాస్త వాలి ఉంటాయి, గాలికి ఒరిగిన వరి చేనులా. దాన్ని హిజాజీ అంటారని అక్కడే తెలిసింది. బంగారం లేదు, అలంకారం అంటే సూరా మారేచోట ఒక ఎర్ర అల్లిక గీత, ఆయత్ చివర చుక్కల గుంపు. నా పక్కన ఒక పెద్దాయన అద్దం ముందు నిలబడి ఏడుస్తున్నాడు. నేను ముస్లింని కాదు, కానీ నా గొంతు కూడా పట్టేసింది.

ఆ ఆకులు 1920ల్లో అల్ఫోన్స్ మింగానా సేకరించినవి, డబ్బు ఇచ్చింది చాక్లెట్ల ఎడ్వర్డ్ క్యాడ్బరీ. చాలాకాలం ఇంకో ప్రతి ఆకులతో కలిపి కుట్టేసి ఉన్నాయి. పరిశోధకురాలు అల్బా ఫెడెలీ చేతిరాత తేడా గమనించడంతో విడిగా పరీక్షకు పంపారు. ఆక్స్‌ఫర్డ్ ల్యాబ్ 95.4 శాతం నమ్మకంతో 568 నుంచి 645 మధ్య అని తేల్చింది.

కొత్తచదువరి

ప్రవక్త 632లో కదా మరణించింది. అంటే ఆయన బతికుండగానే రాసిందా?

రసాయనపాఠం

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నేను కెమిస్ట్రీ టీచర్‌ని, ఇది పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ఇదే పొరపాటు వస్తుంది. కార్బన్ పరీక్ష చెప్పేది ఆ మేకో గొర్రో ఎప్పుడు చచ్చిపోయిందో, రాసింది ఎప్పుడో కాదు. చర్మం ఒలిచి, సున్నంలో నానబెట్టి, చట్రానికి బిగించి గీకి, ఆరబెట్టాక దాన్ని ఎన్నేళ్లు అట్టేపెట్టుకున్నారో ఆ పరీక్షకు తెలియదు. చర్మం ఖరీదైన వస్తువు కనుక ఎక్కువకాలం ఊరికే ఉంచరు అనేది ఒక వాదన. రాత తీరును బట్టి కొందరు పండితులు దాన్ని ఇంకొన్ని దశాబ్దాల తర్వాతికి జరుపుతారు. ఎలా చూసినా అది ఏడో శతాబ్దపు వస్తువే, మొదటి తరాలవాళ్ల చేతుల్లో తిరిగిందే. నాకు ఆ మాట చాలు.

సిరా సంగతి కూడా చెప్తాను. రెండు రకాలు. ఒకటి దీపపు మసిలో తుమ్మ బంక కలిపింది, అది పైన అంటుకుని ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇంకోటి మాచికాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసేది, ఇది చర్మంలోకి దిగుతుంది, మొదట పాలిపోయి ఉండి గాలి తగిలాక నల్లబడుతుంది. చర్మపత్రాల మీద ఎక్కువగా రెండోదే వాడారు. కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, కొన్నిచోట్ల చర్మాన్ని తినేస్తుంది కూడా.

తాళపత్రాలు

రసాయనపాఠం గారు చెప్పిన ఆ ఇనుప సిరా వల్లే సనా రాతప్రతిలో దాగిన రాత బయటపడింది. 1972లో యెమెన్ రాజధాని సనాలో పెద్దమసీదు మరమ్మతు చేస్తుంటే, పైకప్పు కింద వేల చర్మపు ముక్కలు దొరికాయి. పాడైన ఖురాన్ పుటలను పారేయకూడదు కనుక గౌరవంగా అక్కడ దాచారు. వాటిలో ఒక ప్రతి రెండు పొరలది. మొదట రాసింది కడిగేసి, దాని మీద మళ్లీ ఖురానే రాశారు. కడిగినా ఇనుము పూర్తిగా పోలేదు, శతాబ్దాల తర్వాత కింది రాత నీడలా పైకి తేలింది, అతినీలలోహిత కాంతిలో ఇంకా బాగా కనిపిస్తుంది. పై పొర ఇప్పుడు అందరూ చదివే పాఠమే. కింది పొరలో కొన్ని పదాలు, సూరాల వరుస వేరుగా ఉన్నాయి. మూడో ఖలీఫా ఉస్మాన్ ఒకే పాఠాన్ని స్థిరపరిచి పట్టణాలకు ప్రతులు పంపాడనీ, అంతకుముందు సహచరుల దగ్గర కొద్ది తేడాలతో సొంత ప్రతులుండేవనీ ముస్లిం గ్రంథాలే చెబుతాయి. కాబట్టి దీన్ని ఏదో బండారం బయటపడినట్టు రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ ముక్కలను ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ తడిపి, చదును చేసి, కాపాడిన వాళ్ల పని గురించి ఒక్క ముక్కా రాయరు.

అక్షరయాత్ర

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. బర్మింగ్‌హామ్ ఆకు అంత నిరాడంబరంగా ఉంటే, నీలి ఖురాన్ దాకా అంత బంగారం ఎలా వచ్చింది? బొమ్మలు వేయకూడదన్న నియమం వల్ల అక్షరాన్నే బొమ్మ చేశారు అంటారు, అది నిజమా?

చరిత్రలోకం

ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటే చాలా పోతుంది. సనాలో దొరికిన వాటిలోనే ఒక పెద్ద ఖురాన్ ఉంది, ఎనిమిదో శతాబ్దం మొదట్లోదిగా చెబుతారు, ఎత్తు అర మీటరు. దాని మొదటి పుటల్లో మసీదుల బొమ్మలున్నాయి, కమానుల వరుసలు, వేలాడే దీపాలు, చెట్లతో. మనుషులు, జంతువులు మాత్రం లేవు.

అసలు మలుపు ఖలీఫా అబ్దుల్ మాలిక్ దగ్గర ఉంది. జెరూసలేంలో డోమ్ ఆఫ్ ది రాక్ లోపల హిజ్రీ 72, అంటే 691-92 నాటి శాసనం మొజాయిక్‌లో దాదాపు 240 మీటర్ల పొడవున చుట్టూ తిరుగుతుంది, ముదురు రంగు నేల మీద బంగారు అక్షరాలు. మరో అయిదేళ్లకు ఆయన నాణేల మీద రాజు బొమ్మ తీసేసి రాత మాత్రమే ఉంచాడు. చుట్టూ బైజాంటియం వాళ్ల గుళ్లలో, నాణేల మీద బొమ్మలు నిండి ఉన్న కాలంలో, ఒక కొత్త రాజ్యం మేం ఎవరం అనే మాటను అక్షరంతో చెప్పింది. రాత అధికార ముద్ర అయ్యింది. అప్పుడిక వాలిపోయిన హిజాజీ చాలదు, నిటారుగా, బరువుగా, గోడ మీద చెక్కినట్టుండే రాత కావాలి. అదే తర్వాత కూఫీ అన్న పేరుతో పిలుస్తున్న రాతల కుటుంబం. కూఫా నగరంలోనే పుట్టిందని కాదు, ఆ పేరు యూరప్ పండితుల వాడుకలో స్థిరపడిపోయింది. ఫ్రెంచి పండితుడు ఫ్రాంస్వా దెరోష్ వాటిని తొలి అబ్బాసీ (అబ్బాసీ ఖలీఫాల కాలపు) రాతలు అని పిలిచి తరగతులుగా విడదీశాడు.

చార్మినార్‌కలం

పుస్తకం ఆకారం కూడా మారింది, అది మరిచిపోవద్దు. హిజాజీ ప్రతులు ఎక్కువగా నిలువుగా ఉంటాయి. కూఫీ వచ్చాక అడ్డంగా, వెడల్పు ఎక్కువగా. అక్షరాలను అడ్డంగా సాగదీయడానికి అది అనుకూలం, చూడగానే ఇది ఖురాన్ అని వేరుగా తెలియడానికి కూడా కావచ్చని అంటారు.

బంగారం గురించి: బంగారు సిరా అంచు గరుకుగా ఉంటుంది, అందుకే అక్షరం చుట్టూ ముదురు రంగుతో వెంట్రుకంత గీత దిద్దారు. ఆ గీత వల్లే అక్షరం అంత పదునుగా కనిపిస్తుంది. ఆయత్ ముగిసేచోట మూడు బంగారు గుండ్లు, పది ఆయత్‌లకు ఒక చక్రం, సూరాకూ సూరాకూ మధ్య బంగారు పట్టీ, దాని చివర అంచులోకి పొడుచుకొచ్చే ఆకు. ఇవన్నీ మొదట చదివేవాడికి దారి చూపే గుర్తులు. నీలి ఖురాన్‌లో ఆ గుర్తులు వెండితో వేశారు, వెండి నల్లబడి ఇప్పుడు నీలంలో కలిసిపోయింది. రాసిన రోజు అది బంగారం, వెండి రెండూ వెలిగిన పేజీ.

మిడ్‌లాండ్స్_తెలుగు

డమాస్కస్ గవర్నరు అమాజూర్ 876లో తూర్ (టైర్) పట్టణానికి వక్ఫ్ చేసిన, అంటే ధర్మంగా రాసిచ్చిన, ఖురాన్ గుర్తొచ్చింది. పేజీకి మూడే మూడు వరుసలు, మొత్తం 30 సంపుటాలు! ఎన్ని గొర్రెల చర్మం పట్టి ఉంటుందో లెక్కపెట్టలేం.

కొత్తచదువరి

మరి ఇంత గంభీరమైన కూఫీని వదిలేసి ఇప్పటి గుండ్రటి రాతకు ఎందుకు మారారు? ఇబ్న్ ముఖ్లా అనే ఆయన నస్ఖ్ అనే ఆ గుండ్రటి రాతను కనిపెట్టాడని ఎక్కడో చదివాను.

తాళపత్రాలు

కనిపెట్టడం కాదు. గుండ్రటి రాత మొదటి నుంచీ ఉంది, పైన చెప్పిన గొర్రెల రశీదు అలాంటిదే. దఫ్తరాల్లో, ఉత్తరాల్లో వేగంగా రాసే చేతి రాత అది. ఖురాన్‌కు మాత్రం అది తగదనుకున్నారు. మారింది కాగితం వల్ల. ఎనిమిదో శతాబ్దం చివరికి బాగ్దాద్‌లో కాగితం తయారయ్యింది, పుస్తకాలు రాసే వర్రాఖులు వేలల్లో పెరిగారు, వాళ్ల చెయ్యి గుండ్రటి రాతకు అలవాటుపడింది. తేదీ ఉన్న ఖురాన్‌లలో కాగితం మీద రాసిన మొదటిది హిజ్రీ 361 నాటిది, అంటే 971-72. పుస్తకం మళ్లీ నిలువుగా తిరిగింది. కాగితం, కలం అనే మాటలు కూడా పారసీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి అలాగే నడిచొచ్చాయి.

చార్మినార్‌కలం

ఇబ్న్ ముఖ్లా చేసింది కొలత ఇవ్వడం. బాగ్దాద్‌లో ముగ్గురు ఖలీఫాల దగ్గర వజీరుగా చేసినవాడు. రెల్లు కలం మొన కాగితం మీద ఆనించి లాగితే ఒక వజ్రాకారపు చుక్క పడుతుంది. ఆ చుక్కే కొలబద్ద. అలిఫ్ నిలువు ఇన్ని చుక్కలు, ఆ అలిఫ్ వ్యాసంగా గీసిన వృత్తంలో మిగతా అక్షరాల వంపులు. ఈనాటికీ మా ఉస్తాద్ నా కాగితం మీద ఎర్ర సిరాతో చుక్కలు పెట్టి, ఇక్కడ అర చుక్క తక్కువైంది బేటా అంటారు. మొదటి ఆరు నెలలు నేను అలిఫ్, బే తప్ప ఇంకోటి రాయలేదు.

ఆయన చివరి రోజులు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. రాజకీయాల్లో పడిపోయాక కుడిచేయి నరికేశారు. ముంజేతికి కలం కట్టుకుని రాశాడని చెబుతారు. తర్వాత నాలుక కూడా కోశారు, 940లో జైల్లో చనిపోయాడు. ఆయన చేత్తో రాసిందని గట్టిగా చెప్పగల పేజీ ఒక్కటీ ఇప్పుడు లేదు.

చరిత్రలోకం

అక్కడే ఇబ్న్ అల్ బవ్వాబ్ కథ చెప్పాలి. ద్వారపాలకుడి కొడుకు, మొదట ఇళ్లకు రంగులు, అలంకారాలు వేసినవాడు. షీరాజ్‌లో బువైహీ రాజు బహా ఉద్దౌలా గ్రంథాలయం చూసుకునేటప్పుడు, ఇబ్న్ ముఖ్లా రాసిన ఖురాన్ 30 భాగాల్లో 29 దొరికాయి, ఒకటి పోయింది. ఆ ఒక్కటీ తానే రాసి, బంగారం పెట్టి, పాత అట్ట వేసి కలిపేస్తే రాజు ఏది కొత్తదో పట్టుకోలేకపోయాడట. మాటిచ్చిన బహుమతి రాకపోతే, గ్రంథాలయంలో మిగిలిన ఖాళీ కాగితాలు ఇప్పించమన్నాడని, అవి ఏళ్ల తరబడి సరిపోయాయని కథ.

ఆయన రాసిన ఖురాన్ మాత్రం డబ్లిన్ చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. బాగ్దాద్, హిజ్రీ 391, అంటే 1000-1001. 286 ఆకులు, చేతిలో ఇమిడేంత పుస్తకం. మొదటి అలంకార పుటల్లో బంగారు చట్రాల్లో లెక్కలు రాశాడు: 114 సూరాలు, 6,236 ఆయత్‌లు, పదాలు ఎన్ని, అక్షరాలు ఎన్ని, చివరికి చుక్కలు ఎన్ని అని కూడా.

చార్మినార్‌కలం

చుక్కల లెక్క! ఆ సంగతి నాకు తెలియదు భాయ్. రేపు ఉస్తాద్‌కు చెప్పాలి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట, సాలార్‌జంగ్ మ్యూజియంలో యాకూత్ ముస్తఅసిమీ రాసినదిగా చెప్పే ఖురాన్ ఉంది, జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలతో. యాకూత్ 1298లో చనిపోయాడు, కలం మొనను ఏటవాలుగా కోసి గీతకు సన్నం, లావు తెచ్చినవాడు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను తగలబెడుతుంటే మినారు ఎక్కి, కాగితం లేక గుడ్డ మీద రాత సాధన చేశాడని మా దగ్గర ప్రతి శిష్యుడికీ చెబుతారు.

అక్షరయాత్ర

రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఈ చర్చ మొత్తం మా మిత్రుడికి చదివి వినిపించాను. తర్వాత ఇబ్న్ అల్ బవ్వాబ్ ఖురాన్ పేజీ ఒకటి ఫోన్‌లో తెరిచి, ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను. పెద్దది చేసి చూడలేదు, ఎక్కడా ఆగలేదు. పై వరుస నుంచి కింద దాకా చదువుకుంటూ వెళ్లి, పేజీ అయిపోయాక తలెత్తి, ఇది ఎప్పటిది, మా ఇంట్లో ఉన్నదానిలాగే ఉందే అన్నాడు. వెయ్యేళ్ల కిందటిది అన్నాను. ఫోన్ తీసుకుని మళ్లీ మొదటి వరుసకు వెళ్లి, ఈసారి చదవకుండా ఒక్కొక్క చుక్క మీదా వేలు పెడుతూ చూశాడు.